ఉల్లిపాయల బిల్లు వెనక

నలభై కిలోల ఉల్లి, పద్దెనిమిది ట్రేల గుడ్లు
ఓడెక్కించి సంతకం కోసం నిలబడ్డాను.
వంటవాడు రొదేలియో బిల్లు తిరగేసి
తెల్లటి వైపు ఏదో రాసుకుంటున్నాడు.

వాళ్ళ ఊళ్ళో నిన్న రాత్రి
చేపల వేలం షెడ్డులో
పదకొండు మంది కలిసి పార్టీ పెట్టారట.
పన్నెండోవాణ్ణి నేనే,
ఫోన్లో చెయ్యెత్తాను, అన్నాడు.

ఆశయాలు చదివాడు, వచ్చీరాని ఇంగ్లీషులో.
నాదీ అంతే గనక బాగా అర్థమైంది:
ఒకే ఇంటిపేరు మూడు తరాలు మేయరు కాకూడదు.
తుఫాను బియ్యం ఆకలుండగానే రావాలి.
సముద్రమ్మీద పోయినవాడి జీతం
పోయిన రోజుతో ఆగకూడదు.

మూడోది చదివాక కాసేపు
యారాడ కొండకేసి చూస్తూ ఉండిపోయాడు.
కింద లాంచీలోంచి మైలిపిల్లి దానయ్య కేక:
"ఏటంటన్నాడ్రా?"
చెప్పాను.
"బియ్యం ముక్క రెండుసార్లు రాయమను!"

గుర్తు ఇంకా దొరకలేదట. మీ దగ్గరేమున్నాయి, అనడిగాడు.
మంచివన్నీ ఎప్పుడో అయిపోయాయన్నాను.
నవ్వి, పొయ్యి మీదున్న గరిటె చూసి
అదే గీశాడు,
కాస్త వంకరగా, లంగరులా.

వడ్డించేవాడు మనవాడైతే...
సామెత నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
ఇంకా విస్తరే వెయ్యలేదు పాపం వాళ్ళు.

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.
నేనూ అడగడం మర్చిపోయాను.
లాంచీ బ్రేక్‌వాటర్ దాటాక గుర్తొచ్చింది, సంతకం.
పాత పోస్టాఫీసు దగ్గర మా ఆఫీసులో
ఉల్లిపాయల డబ్బు
నా జీతంలోనే కోశారు.

పదమూడోవాణ్ణి
చెయ్యెత్తకుండానే.