కంత

సిరోంచ దాటినాక, బాపయ్య పత్తిచేనులో
పైపు కోసం తవ్వుతుంటే
గునపం ఠంగుమంది.

నాలుగు నిలువు బండలు, మీద మూతబండ.
తూర్పు బండకు గుండ్రటి కంత,
చెంబు మూతి అంత.

నాగపూర్ నుంచి వచ్చిన పిల్లలు
మూడు రోజులు కుంచెలతో మట్టిని బతిమాలారు.
మూతి నల్లగా అడుగు ఎర్రగా ఒక కుండ.
తుప్పు తిన్న కొడవలి.
గుప్పెడు కూడా కాని పాలపళ్ళు.

"ఇది ఆత్మ తిరిగే దారి" అని
కళ్ళద్దాల అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది.

మట్టి తట్టలు మోస్తున్న కోడపె జానుబాయి
తట్ట దించి
కంత కింది అంచును బొటనవేలితో రాసింది.
"ఆత్మ పోతే బండ అరుగుతదా బిడ్డా?
ఎవరిదో చెయ్యి పోయి వచ్చి, పోయి వచ్చి
సన్నికల్లు లెక్క నున్నగైంది."

గాజులు తీసి బండ మీద పెట్టి
మోచేతి దాకా లోపలికి పోనిచ్చింది.

చెయ్యి పట్టింది.

జేసీబీ తోలే పిల్లగాడు
ఎవరూ చెప్పకుండానే ఇంజన్ ఆపాడు.

మా ఓదెలు
ప్రాణహితలో పడవ తిరగబడ్డనాడు పోయాడు.
పదకొండేళ్ళు. ఒళ్ళు దొరకలేదు,
చెప్పు ఒకటి దొరికింది, అదీ వాడిదో కాదో.

అమ్మ ఇప్పటికీ బుధవారం సంతకని బయలుదేరి
రేవు దగ్గర ఆగుతుంది.
వంగి, మోచేతి దాకా చెయ్యి ముంచి
అట్లాగే ఉంచుతుంది.
అరగడానికి నీళ్ళకు అంచు లేదు.

ఏం చేస్తున్నవమ్మా అంటే
చేపలకు అటుకులు, అంటుంది.