ముప్పయ్యో మెట్టు

వాల్పరైసో కొండకి
నూట అరవై రెండు మెట్లు.
ఉత్తరాల సంచీ భుజాన వేసుకుని ఫెర్మిన్
నలభై ఏళ్లు ఒక్క ఊపున ఎక్కేవాడు.
కుక్కలు తరిమితే ఇంకా వేగం.

ఇప్పుడు ముప్పయ్యో మెట్టు దగ్గర
మోకాలు చనువుగా "కూర్చో" అంటుంది.
కూర్చుంటాడు.

ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన.
పసుపు రేకు గోడ మీద చిన్న బల్లి.
కింద రేవులో ఓడ
తొందరేం లేనట్టు తిరుగుతోంది.
ఇన్నాళ్లూ ఇవన్నీ తన పేరునే వచ్చాయి.
అందుకోడానికి తనకే తీరిక లేకపోయింది.

ఈవేళ,
ఒకప్పుడు తన పిక్క పట్టిన కుక్కకి మునిమనవడు కాబోలు,
పక్కనే చతికిలబడి
రొట్టెలో వాటా అడిగింది.
సగం తుంచి పెట్టాడు.

పైనుంచి ఇర్మా కేక:
"ఇంకా ఎన్ని మెట్లున్నాయి, ముసలాడా?"

"బోలెడు!"
అన్నాడు
నోరూరుతున్నవాడిలా.