చిరుగు

హాంబుర్గ్‌లో నవంబరు. మూడు వారాలుగా వాన.
నేలకింద రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో,
వీబ్కె ఒక రాయిని ఒప్పించే పనిలో ఉంది.

గోరంత పలక. స్ట్రాన్షియం టైటనేట్.
ఒకప్పుడు నగల కొట్లలో వజ్రంలా నటించిన జాతి.
ఇప్పుడు మైనస్ రెండొందల అరవై దగ్గర కూడా
ఎటు ఒరగాలో తేల్చుకోదు.
ఆక్సిజన్ పంజరంలో టైటానియం
అటా, ఇటా, అటా.
చలి ఎంత గద్దించినా నడిమధ్యే.

"ఎల్బే మీద పెద్ద ఓడ కూత పెడితే
మా వంటింటి అల్మరాలో పన్నెండు కప్పుల్లో
ఒక్కటే వణుకుతుంది" అంటాడు ట్యార్క్, పంపుల మెకానిక్.
"తక్కినవి చెవిటివి కావు.
పిలిచింది వాటిని కాదంతే."

ఆమె పిలుపు
ఓడ కూతకు వెయ్యి కోట్ల రెట్లు పైన,
కంటికి ఆనే ఎరుపుకు ఎంతో కింద.
ఎవరూ పేరు పెట్టని రంగు అది,
ఏ చీరకూ అద్దకం కాలేదు.
దానికొక్కటే బలహీనత: తడి.
గాలిలో కాస్త ఆవిరుంటే చాలు,
ఎలుకలు కొరికిన గుడ్డలా చిల్లులతో చేరుతుంది.

చేరుతోంది కూడా. రోజూ అలాగే.
పెట్టె నిండా పొడి నైట్రోజన్ నింపింది,
గొడుగుల్ని మెట్ల దగ్గరే ఆపింది,
వానను, ఊరిని, ఉత్తర సముద్రాన్ని
మూడు వారాలు వరసపెట్టి తిట్టింది.

సబ్బు నురగ పూస్తూ పూస్తూ ట్యార్క్ ఆగాడు.
పెట్టెకు తగిలించిన రబ్బరు చేతొడుగు,
బొటనవేలి మొదట్లో బుడగలు.
చిరుగు.
లోపలికి పాకింది వాన కాదు,
ఆమె అరచేతి చెమట.

ఏమీ అనలేదు అతను.
జేబులోంచి సైకిల్ ట్యూబు ప్యాచ్ తీసి అంటించాడు.

మూడూ ఇరవైకి
ఎర్ర కిరణం పంపితే నీలం తిరిగొచ్చింది.
కోట్ల పంజరాల్లో టైటానియం
ఒక్క పక్కకే ఒరిగింది.

"ఏమైంది?"
"ఒప్పుకుంది."
"ఇప్పుడో?"
"మరిచిపోయింది. నువ్వు 'ఏ' అనకముందే."
ట్యార్క్ నవ్వలేదు. ఫ్లాస్కు మూత తిప్పుతూ,
"అయితే మళ్ళీ అడుగు" అన్నాడు.

అడిగింది. సెకనుకు వెయ్యిసార్లు, తెల్లారేదాకా.
వెయ్యిసార్లూ ఒప్పుకుంది, వెయ్యిసార్లూ మరిచింది.

పైకొస్తే వాన.
గొడుగు మెట్ల దగ్గరే ఉంది.
తీసుకోలేదు.
మూడు వారాల తిట్లకు
ఎలా క్షమాపణ చెప్పాలో తెలీక
కాసేపు
ముఖం పట్టి నిలబడింది.