నా ఖాతాల నీళ్లు

పొద్దుగాల అయిదు నలభైకి హన్మకొండల బండెక్కితె
చేతిల టిక్కెట్ల మిషన్ మనుషులను లెక్కబెడ్తది,
భుజం సంచిల బాటిల్ నా గుటకలను లెక్కబెడ్తది.
నడుమ నేనొక్కదాన్ని,
ఏ లెక్కకూ కుదరనిదాన్ని.

బాటిల్ మా సుప్రజ కొన్నది.
పాలిటెక్నిక్ పిల్ల. స్కాలర్‌షిప్ పైసలు పడ్డ దినమే.
పోయినేడు ఎండల్ల నడుంనొప్పికి
డిపో అరుగు మీద మెలికలు తిరిగి పడితె
స్కానింగ్ కాయితం చూసిన డాక్టర్
"రాళ్లున్నయమ్మా, నీళ్లు తాగుతలేవా?" అన్నడు.
నేను నేల చూసిన.
బిడ్డ ఆ మాట పట్టుకున్నది.
అడుగున దీపమున్న బాటిల్ తెచ్చింది.
గంటకోపారి నీలంగ వెలుగుతది,
తాగకుంటె ఎర్రగైతది,
అయినా తాగకుంటె ఫోన్ల గునుస్తది.

ఆరెపల్లి దాటంగ ఒకపారి మెరిసింది.
గూడెప్పాడ్ కాడ ఇంకోపారి.
మల్లంపల్లిల కాలు పెట్ట సందు లేదు,
జీరో టిక్కెట్లు కొట్టుకుంట ముందటికి జరుగుతుంటె
మోకాలికి తగిలి మల్ల మెరిసింది.
ఉండవే, అన్న.
ఉండది.

దానికి ఎట్ల చెప్పాలె?
నేను యాది మరిచి తాగకుంటలేను.
దూప నాకు ఎరుకే.
నాలిక అంగిట్లకు అంటుకపోతది,
"టిక్కెట్, టిక్కెట్" అనే నా గొంతు
ఎండు జొన్నాకు లెక్క చప్పుడైతది.
తాగితె ముందల మూడు గంటల బాట.
ములుగు బస్టాండ్‌ల దొడ్డికి తాళం,
తాళంచెవి ఉన్నాయన చాయ్‌కు పోయిండు.
పస్రాల తలుపున్నది, గొళ్లెం లేదు.
తాడ్వాయి అడివిల డ్రైవర్ కొమురెల్లి
బండి పక్కకాపి, బీడి ముట్టించుకొని,
చెట్టు చాటుకు పోయొస్తడు.
మంచోడే. "నువ్వు గూడ పోయి రా అక్కా" అంటడు.
ఎనభై మంది కిటికీలకెళ్లి చూస్తుంటె
నేనేడికి పోవాలె?
పన్నెండేండ్ల సర్వీసుల నేను నేర్సుకున్నది
చిల్లర లెక్క కాదు,
దూపను ఏ స్టేజీ దాకా ఆపొచ్చు అన్నది.

లోపటికి పోయిన నీళ్లదే బాటిల్‌కు లెక్క.
తర్వాత సంగతి దాని పని కాదు.

ఉగాది దాటినంక ఒక దినం
గట్టమ్మ కాడ ఒక ముసలామె ఎక్కింది,
చంకల కోడి, చెంపల నిండ పసుపు.
"బిడ్డా, గుక్కెడు నీళ్లున్నయా?"
మూత తీసిచ్చిన.
మూతి ఆనియ్యకుంట ఎత్తి పోసుకున్నది.
పక్కపొంటి పిలగాడు నాకూ అన్నడు.
ఎనుక చంటిపిల్ల తల్లి.
మిరపకాయలేరి వస్తున్న ఇద్దరు
మండే చేతులతోని బాటిల్ పట్టలేక
నోరు తెరిచి తల ఎత్తితె
ఊగే బండ్ల నేనే పోసిన,
సగం నోట్ల, సగం రైకల మీద.
జంగాలపల్లి దాకా ఒడిసింది.
పస్రాల బోరింగ్ కాడ నింపిన. మల్ల ఒడిసింది.

ఏటూరునాగారంల దిగంగనే
ఫోన్ చప్పట్లు కొట్టింది.
"శభాష్! ఈ రోజు మీ లక్ష్యం దాటేశారు!"
తెర మీద రంగు కాయితాలు రాలినయి.
అర నిమిషంల సుప్రజ మెసేజ్:
అమ్మా, మూడు లీటర్లా!
నవ్వొచ్చింది,
నవ్వితె ఎండిన పెదివి చిట్లింది.
అబద్ధం రాయబుద్ధి గాలె, నిజం రాయబుద్ధి గాలె.
బొటనవేలు బొమ్మ పంపిన.

రాత్రి ఇల్లు జేరి
చెప్పులిడవక ముందే రంజన్ మూత తీసిన.
రెండు చెంబులు నిలబడి తాగిన,
మూడోది కూసోని.
బాటిల్ సంచిలనే ఉన్నది, దానికి తెల్వదు.
పుస్తకంలకెళ్లి తలెత్తి సుప్రజ చూసింది,
చెంబు దిక్కు, నా దిక్కు, ఫోన్ దిక్కు.
పిల్ల లెక్కల్ల గట్టిది.
ఏమనలే.

తెల్లారి సంచి ఎత్తితె బరువెక్కింది.
నీలం దీపం బాటిల్ పక్కన
పాత కూల్‌డ్రింక్ బాటిల్, నిండ నీళ్లు,
రబ్బరుకు చుట్టిన చీటీ: "ఇది వాళ్లకు."

బిడ్డకు సగం లెక్క దొరికింది.
తక్కిన సగం పస్రాల ఉన్నది,
గొళ్లెం లేని తలుపెనుక.