అచ్చుతప్పు

గంటస్తంభం వెనక సందులో
ఇరవయ్యేళ్ళుగా నా పని తప్పులు పట్టుకోవడం.
పెళ్ళికార్డులు, కరపత్రాలు, పెద్దకర్మ పిలుపులు.
ఒత్తు జారిన చోట ఎర్రపెన్నుతో చిన్న గీత.
ఎంత చూసినా ఒకటి మిగిలిపోతుంది.
వెయ్యి కార్డులు ఊరంతా పంచేశాక కూడా
ఎవరూ చూడరు,
అక్షింతలు వేసి, అన్నం తిని వెళ్ళిపోతారు.

నెల్లిమర్లలో, మిల్లు క్వార్టర్ల వెనక
వానకు తడిసి మగ్గిన గోగునార గుట్ట మీద
పదిమంది పిల్లలు దొర్లారు ఆ ఆదివారం.
తొమ్మిదిమందికి తుమ్ములు, దురదలు, అమ్మల చేతి దెబ్బలు.
మా హైమ కొడుకు లోహిత్‌కి
పదోనాటికి ఊపిరి అందలేదు.

"ఒకే దుమ్ము కదన్నియ్యా,
ఒకే కుళాయి, ఒకే ఎండ.
ఈడికే ఎందుకు?"
ఘోషాసుపత్రి మెట్ల మీద అడిగింది.
నాకు తెలిసినవి ఒత్తులూ దీర్ఘాలూ.

విశాఖ తీసుకుపోయాం.
వాడి రక్తం ఇంకా దూరం వెళ్ళింది, మేం చూడని ఊళ్ళకి.
నెల తర్వాత డాక్టరమ్మ కాగితం మడత విప్పింది.
వీడి తెల్లకణాలు బద్ధకస్తులేం కావంది.
పిలవగానే పరుగెడతాయి,
బూజు రేణువుని పట్టుకుంటాయి, మింగుతాయి కూడా.
మింగాక లోపల రాజుకోవాల్సిన నిప్పు
రాజుకోదు.
పొయ్యుంది, పుల్లలున్నాయి,
నిప్పు ఎలా చెయ్యాలో రాసిన చోట
ఒక్క అక్షరం వేరేగా ఉంది.
"ఎవరి తప్పూ లేదు. అచ్చుతప్పు," అంది.
నా ఉద్యోగం ఏమిటో ఆవిడకు తెలీదు.

మా వంశాన్ని ఇన్నాళ్ళూ
అందరూ పెళ్ళికార్డు చదివినట్టే చదివారు.
రంగు చూశారు, ఎత్తు చూశారు, నక్షత్రం చూశారు.
కూడబలుక్కుని అక్షరం అక్షరం చదివింది
ఆ బూజొక్కటే.
సరిగ్గా అక్కడ వేలు పెట్టి ఆగింది.

అంతకు ముందే ఎవరో చదివారేమో.
మా అమ్మమ్మ పేరు తవిటమ్మ.
ఆవిడకు ముందు ముగ్గురు మగపిల్లలు
పాలు మరవకముందే పోతే
నాలుగో కాన్పులో పుట్టిన ఈవిణ్ణి
సోలెడు తవుడికి పక్కింటికి అమ్మేసి
మర్నాడు మళ్ళీ కొనుక్కున్నారట,
చావు వెతుక్కుంటూ వస్తే
ఈ ఇంటి బిడ్డ కాదనుకుని పోవాలని.
ఆవిడ బతికింది, ఆడపిల్ల కనక.
ఆడవాళ్ళ దగ్గర ఆ పుస్తకం రెండు ప్రతులుంటుందట,
ఒకదాంట్లో చెదిరితే ఇంకోటి చూసుకుంటారు.
మగపిల్లాడికి ఒక్కటే ప్రతి.

డాక్టరమ్మ గీసిన బొమ్మలో ఆడవాళ్ళు గుండ్రాలు,
మగవాళ్ళు చదరాలు.
నాకు ముందు పుట్టి పోయిన అన్న నల్లటి చదరం.
అప్పుడు దిష్టన్నారు. అమ్మ పాలు పడలేదన్నారు.
పక్కనే నా చదరం తెల్లగా ఉంది.
బొమ్మా బొరుసులో బొమ్మ పడింది, అంతే.
ఆ తెలుపు చూస్తే సిగ్గేసింది.

అమ్మ తన గుండ్రాన్ని వేలితో తడిమి
"ఏటి బావూ, అయితే నానేనా?" అంది.
నీది కాదమ్మా అన్నాను.
"మరి గీత నా మీద నుంచే ఎలిపోనాదేటి?"

లోహిత్ ఇంటికొచ్చాడు.
రోజూ రెండు మందులు, ఎన్నేళ్ళో చెప్పలేదు.
మట్టి వద్దు, గడ్డి వద్దు, గుట్టలెక్కడం వద్దు.
మూలుగ మార్పిడి అంటున్నారు, నా రక్తమూ తీసుకున్నారు.
ఇంకా కబురు లేదు.

నిన్న సాయంత్రం అమ్మ
సోలెడు తవుడు తెచ్చి
మందుసీసాల పక్కన పెట్టింది.
ఎవరం ఏమీ అనలేదు.
బూజు పట్టేవేవీ ఇంట్లో ఉండకూడదన్న మాట
అర్ధరాత్రి గుర్తొచ్చి
చప్పుడు కాకుండా లేచి
ఎదురింటి దూడ కుడితిలో పోసేశాను.

సోల కడిగి
ఉన్నచోటే పెట్టాను.