నీలం జిగురు

రాచెస్టర్‌లో ఆ వేసవంతా
నా నాలిక జిగటగానే ఉండేది.
పదకొండేళ్లు నాకు. రాత్రి కొట్టు కట్టేశాక
నాన్న సొరుగు బల్లమీద బోర్లించేవాడు.
ఒక్కో స్టాంపూ తడిపి అట్టమీద అంటించేదాన్ని.
ఇరవై అంటిస్తే ఐదు డాలర్లు.
పొద్దున బ్యాంకుకెళ్తే అవే డబ్బు.

లెక్క తేలికే.
ఆఫీసులో డాలరు కడితే
డాలరు విలువకి నారింజ రంగువి,
పైన అర్ధ డాలరు నీలానివి ఊరికే.
నారింజకి కాఫీ వస్తుంది, సబ్బూ వస్తుంది.
బీరుకీ సిగరెట్లకీ ఏదీ చెల్లదు.
నీలానికి మాత్రం సర్కారు జాబితాలో ఉన్నవే:
వెన్న, గుడ్లు, ఎండు చిక్కుళ్లు,
ఆ నెల రైతుల దగ్గర ఏది మిగిలితే అది.

మిగలడం!
నాన్న ఆ మాట దగ్గరే ఆగిపోయేవాడు.
ధర లేదని అటు పాలు కాలవలో పోస్తున్నారు,
ఇటు మా వీధిలో సగం పొయ్యిల్లో పిల్లి పడుకుంది.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.
తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టినట్టు
మధ్యలో ఎవరో
ఒక నీలం కాగితం ముక్క దూర్చారు.

ఒటీలీ బ్రాండౌర్
బొత్తాల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేసింది.
అది మూతపడ్డాక కూడా
జూలై ఎండలో కోటు వేసుకుని,
బొత్తాలన్నీ పెట్టుకునే వచ్చేది.
ముందు నారింజవి పరిచేది, అందరికీ కనపడేలా,
ఇవి నా డబ్బులు అన్నట్టు.
నీలానివి చివర్న, అరచేతి కింద.

ఓ రోజు వెన్న పక్కకి నెట్టింది.
"ఇది వద్దు, కాఫీ ఇవ్వండి."
"నీలానికి కాఫీ రాదమ్మా."
"తెలుసు. మా ఆయనకి ఈ వెన్న చూస్తే మండుకొస్తుంది.
ఊరికే వచ్చింది రొట్టెకి అంటుకోదంటాడు."

నాన్న కాఫీ ఇవ్వలేదు.
త్రాసు పళ్లెం తుడుస్తూ అన్నాడు:
"మీరిది కొనకపోతే
బటావియా వైపు ఏ రైతో ఆవుని అమ్ముకుంటాడు.
సాయం చేస్తోంది మీరేనమ్మా."
ఆమె నవ్వింది. "ఆ మాటేదో
మీరే వచ్చి మా ఆయనతో చెప్పండి."
నాన్న వెళ్లలేదు.
వెన్న మాత్రం ఆమెతో వెళ్లింది.

యుద్ధం ముదిరింది. మిగలడం ఆగిపోయింది,
స్టాంపులూ ఆగిపోయాయి.
ఆకలి ఆగిందో లేదో
ఎవరూ అట్టమీద అంటించి లెక్కపెట్టలేదు.
పద్దెనిమిదేళ్లకి
వెస్ట్ వర్జీనియా బొగ్గు కొండల్లో
మళ్లీ మొదలెట్టారని పేపర్లో చదివాను.
అప్పటికి నాన్న లేడు,
కొట్టు చోట బట్టలుతికే దుకాణం.

ఇప్పుడు ప్లాస్టిక్ కార్డు.
నారింజా లేదు, నీలమూ లేదు, గీకితే చాలు.
మొన్న సూపర్‌మార్కెట్లో నా ముందు ఒక కుర్రాడు,
చంకలో పాప, బుట్టలో గుడ్లు, పాలు.
మీటలు నొక్కుతూ రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.
నెంబరు దాచుకోడానికే అయ్యుంటుంది.

నా నాలికకి మాత్రం
జిగురు తగిలింది.