ఆరువందల పన్నెండో కోత

నా ఎడమచేతి మీద వెంట్రుకలు నిలవవు.
మొలిచినవి మొలిచినట్టే ఉద్యోగానికి పోతాయి.
మానియాగోలో దీన్నెవరూ వింతగా చూడరు.
బస్సులో పక్కసీటు మనిషి ముంజేయి చూస్తే చాలు,
ఏ కార్ఖానాలో ఏ బల్ల ముందు కూర్చుంటాడో తెలిసిపోతుంది.

ఫిబ్రవరిలో వచ్చింది కొత్త ఉక్కు.
కరిగించి పోసింది కాదట,
పొడిచేసి, వేడిచేసి, అదిమి ముద్దచేసింది.
పెట్టె తెరిస్తే నూనె కాగితాల్లో
మడతపడి నిద్రపోతున్న నాలుగు కత్తులు.
ధర చీటీ ఒక్కటే మేలుకుని ఉంది.

బొటనవేలంత లావు నారతాడు,
తాడు కింద చెక్క, చెక్క కింద కాటా.
కోతకోతకీ నా మణికట్టు ఎంత బరువు మోపిందో
కాటా పైకి చెప్పేస్తుంది, నా మొహం చూడదు.
తొలికోతకు ఆరు కిలోలు.
పద్దెనిమిది దాటితే పదును పోయినట్టు లెక్క.
మామూలు ఉక్కు నూటయాభైకే మూలుగుతుంది.
ఇది మూడువందల దగ్గర కూడా
తాడును పలకరించి వెళ్లినట్టు వెళ్లింది.
నాలుగువందలు. కిటికీలో కొండ మంచు నీలమైంది.
అయిదువందలు. ఊడ్చేవాళ్లు వచ్చి
నా కాళ్ల చుట్టూ నారపీచు ఎత్తుకుపోయారు.
ఆరువందల పన్నెండు.
ముందు లొంగింది నా భుజం.
అది రాయడానికి కాగితంలో గడి లేదు.

జిల్దో తాత నలభై ఏళ్లు సానరాయి ముందు నిలబడ్డవాడు,
చూపుడువేలి కొస దానికే వదిలేసినవాడు.
సారాకొట్టు బల్ల దగ్గర కత్తి విప్పి
అలుగును గోరు మీద ఆనించాడు, జారుతుందేమోనని.
జారలేదు.
"బాగుంది. మరి మొద్దుబారాక?"
"వజ్రపు పొడి అద్దిన రాయి కావాలి."
"జేబులో ఉందా?"
తన జేబులోంచి నల్లబడిన కత్తి తీశాడు.
నా తాడు మీద తొంభైరెండుకే చేతులెత్తేసిన కత్తి.
కాఫీ కప్పు బోర్లించి
మెరుగులేని అడుగు అంచు మీద కాస్త ఉమ్మి రాసి
అటు నాలుగు, ఇటు నాలుగు.
జున్ను కోశాడు.
ముక్కలోంచి దీపం కనిపించింది.

తాడుకి ఆకలి తెలీదు, వాన తెలీదు అంటాడు మా ఇంజనీరు.
అందుకే మూడు కత్తులు మనుషులకిచ్చాం.

కొండమీద పాలపాకలో ట్రాంక్విల్లోకి ఒకటి.
గొర్రె కీలు దగ్గర కొంచెం మెలితిప్పాడట.
అంచున నువ్వుగింజంత పెచ్చు రెండుచోట్ల ఎగిరింది.
"ఎముకనేం అనకండి" అని చీటీ రాసి పంపాడు.

ద్రాక్షతోట ఇయోలేకి ఇంకొకటి.
కోతలన్నీ అయ్యేదాకా సానముఖం చూడలేదు,
అయినా గుత్తి తెగినట్టే తెలియలేదంది.
కానీ రసం కారి, ఎండి, మడత బిగుసుకుపోయింది.
పదును లోపలే ఉంది,
తలుపు తాళం పడింది.
వేడినీళ్లలో నానబెట్టి
పళ్లతో విప్పిందట. నాకు నవ్వొచ్చింది, తరవాత రాలేదు.

టపా బట్వాడా దీర్చే దగ్గర్నుంచి మూడోది రాలేదు.
రిపోర్టు గడువు మాత్రం వచ్చింది.
"పనితీరు" అని అచ్చువేసి పక్కన వేలెడు ఖాళీ.
ఆరువందల పన్నెండు అని వేశాను.
చోటు చాలక, దాని పక్కనే ఇరుకుగా,
నువ్వుగింజ, ద్రాక్షరసం, కప్పు అడుగు.
ఇంజనీరు ఫోన్ చేశాడు:
"ఇవేం కొలతలు?"
వెతుకుతున్నాను అన్నాను.

నవంబరులో దీర్చే సైకిలు దిగి
కత్తి నా బల్ల మీద పెట్టింది.
నూనె కాగితం మడత కూడా చెదరలేదు.
"జేబులోంచి జారిపోతే నా నెలజీతంలో సగం!
పార్సెళ్లు పాతదాంతోనే కోశాను.
దీన్ని మాత్రం రోజూ రాత్రి ఒకసారి విప్పి చూసేదాన్ని."

తను వెళ్లాక నేనూ విప్పాను.
టిక్కుమంది, ఇంత వెన్నలాంటి టిక్కు ఎప్పుడూ వినలేదు.
ఒక్క పెచ్చు లేదు, ఒక్క మరక లేదు.
పదును చూద్దామని చొక్కా మడిచి
ముంజేయి మీద ఆనించాను.

పొద్దున్నే వేరే కత్తి వచ్చి
అక్కడంతా గొరిగేసి పోయింది.